రెండు కొట్టి ఆగే ఇలకోడి

ఆదోని,
జూలై 6.

తిక్కయ్య తాతకు సుష్మిత నమస్కారాలు.

మొన్న ఆదివారం మీ మగ్గం షెడ్డు నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి నాకు నోట మాట రావడం లేదు. మా అవ్వ వెంకటలక్ష్మి అయితే, "ఏమే, ఎమ్మిగనూరులో దయ్యాన్ని గాని సూసొచ్చినావా?" అని అడిగింది. దయ్యాన్ని కాదవ్వా, మన తిక్కయ్య తాత చెవుల్ని చూసొచ్చానని చెప్పాను. గురువారం గురువారం దుప్పట్ల మూట తెచ్చి మా గడపలో దించే మనిషి దగ్గర ఇంత విద్య ఉందని చిన్నప్పుడు నాకేం తెలుసు.

జరిగింది నాకే నమ్మబుద్ధి కావడం లేదు, అందుకే మళ్లీ రాసుకుంటున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పగా మిగిలిన వేళంతా రెండేళ్లుగా ఇలకోళ్ల వెంట తిరుగుతున్నాను. పుస్తకాల్లో కీచురాళ్లంటారే, అవే. ఆదోని పత్తి చేలలో, నల్లరేగడి నెర్రెల్లో అరిచేది ఒకటి. మీ మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో అరిచేది ఒకటి. రెండింటికీ ఒకే రంగు, ఒకే కొలత, ఒకే మీసాలు. భూతద్దం కింద పెట్టినా తేడా దొరకదు. రెండూ ఒకే జాతి అని అందరూ రాసి పెట్టుకున్నారు. మీరేమో మగ్గం మీద నుంచి లేవకుండానే, "యాడ ఒకటి తల్లీ? చేనిది మూడు కొట్టి ఆగుతాది. గుంతది రెండు కొట్టి ఆగుతాది. నా పెండ్లి కాకముందు నుంచీ అంతే" అన్నారు. ఇంటికొచ్చి రికార్డింగు కంప్యూటర్లో పెట్టి చూశాను. చేనిది మూడు, గుంతది రెండు. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు తాతా!

మా గైడ్ సారుకు చెబితే ఆయన ఒక మెలిక పెట్టారు. "పాట వేరైతే చాలదు. రెండింటినీ కలిపితే పిల్లలు పుడతాయా, పుట్టవా? పుట్టకపోతేనే వేరు జాతి" అన్నారు. ఫిబ్రవరిలో పెద్దల ముందు నిలబడి నేను అది నిరూపించాలి. లేకపోతే నా రెండేళ్లూ గంగలో కలిసినట్టే.

అందుకే మీ సాయం అడుగుతున్నాను. ఆదోని చేలలో పిల్లలుగా పట్టి, మగదాని నీడ తగలకుండా పెంచిన ఆడవాటిని పన్నెండు డబ్బాల్లో పంపుతున్నాను. ఒక్కో డబ్బాలో మీ గుంత మగదాన్ని ఒకదాన్ని వేయాలి. మీ షెడ్డులో దీపానికి చేని మగవి కూడా వస్తాయి కాబట్టి కళ్లను నమ్మడానికి లేదు. మగదే కదా అరిచేది, ఆ అరుపు విని, రెండు కొట్టేదాన్నే వేయండి. పదిహేను రోజులుంచి, నంబరు చీటీ డబ్బాకు కట్టి బస్సులో తిప్పి పంపండి. నా దగ్గర ఉన్నది ఒక్క రికార్డింగు మిషనే, మీ చెవి నాకు రెండో మిషను.

విన్నది మాత్రం ఉత్తరంలో రాయండి. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది, కాగితం మీద ఉన్నదే మా సారు ఒప్పుకుంటారు.

ఇంట్లో హంపమ్మవ్వను అడిగానని చెప్పండి.

సుష్మిత


ఎమ్మిగనూరు,
జూలై 30.

సుస్మితమ్మకు తాత దీవెనలు.

నేను మాట్లాడినట్లే రాస్తా, తప్పులుంటే నువ్వే దిద్దుకో. నాది అయిదో తరగతి సదువు.

నీ డబ్బాలు దించుకోను బస్టాండుకు పోతే కండక్టరు, "ఏముంది పెద్దాయనా ఇందులో, గీకుతాంది?" అన్నాడు. పెండ్లికూతుర్లు అని సెప్పినా. ఆయప్ప నోరు తెరుసుకోని నిలబడిపోయినాడు.

మీ హంపమ్మవ్వ ఇంట్లోకి రానియ్యలేదు మొదట. "పడుగు దారాలు కొరికే పురుగులకు పెండ్లి సేసే పనొకటి తక్కువైంది ఈ కొంపలో" అని కసిరింది. అన్నాక మల్లీ ఊరికే ఉంటాదా? నేను మగ్గం మీద కూసుంటే పక్కన నూలు కండెలు సుట్టుకుంటా అన్నీ గమనిస్తానే ఉంది. చీటీలు గూడ ఆమే దారంతో కట్టింది.

మా పట్టింపు ఒకటి నీకు సెప్పల్ల. గుంత ఇలకోడిని మేము సంపం. సంపితే నేత సాగదంటారు. కొత్త పడుగు ఎక్కించే దినం, దారానికి పెట్టే గంజి రోంత తీసి గుంత అంచున పెడతాం. అది దాని వాటా. అది తిని మన పడుగు జోలికి రాకుండా ఉంటాది. మా నాయన పెట్టినాడు, నేనూ పెడతాండా.

నా కొడుకు ఈరేషుకు ఇవేమీ పట్టవు. గుంత పూడ్సి సిమెంటు ఏసి కరెంటు మగ్గం పెడదామంటాడు. ఈ మధ్య వానికి మర్యాద గూడ తగ్గింది. ఏం సెప్పినా అరిసి సెప్తాడు, నేనేమో పక్క ఊర్లో ఉన్నట్ల. పెండ్లాం ముందరన్నా నాయనతో మెల్లగా మాట్లాడల్ల అని లేదు వానికి.

నా సెవి గురించి నువ్వు అబ్బురపడితివి. ఈదిలో నడుస్తా పోతా, ఎవరి మగ్గానికి తొక్కుడు పలక వదులైందో సద్దు బట్టి సెప్పేటోన్ని. నీ ఇలకోడి ఒక లెక్కనా!

ఒకటి నుంచి పన్నెండు దాకా అన్నిట్లో రెండు కొట్టేవే ఏసినా. మూడు కొట్టేవి అయిదు దొరికితే చేన్లో ఇడిసిపెట్టినా.

విని రాసినవాడు,
తిక్కయ్య


ఆదోని,
సెప్టెంబర్ 20.

తాతా, కూర్చొని చదవండి. నిలబడి చదివే ఉత్తరం కాదు ఇది.

పన్నెండు డబ్బాల్లోనూ ఆడవి ఇసుకలో గుడ్లు పెట్టాయి, ఒక్కోదాంట్లో వందకు పైనే. పది రోజులు చూశాను, ఇరవై చూశాను, నెల చూశాను. ఒక్క పిల్ల! ఒక్కటంటే ఒక్క పిల్ల బయటికి రాలేదు. అదే వేళకు నేను ఇక్కడ చేని మగవాటితో చేని ఆడవాటిని కలిపిన డబ్బాల్లో పదమూడో రోజుకే ఆవాలు చల్లినట్టు పిల్లలు.

మా సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పదేళ్లలో ఆయన అట్లా లేవడం ఎవరూ చూడలేదట. "ఒకే ఇంటి గోడకు ఇటూ అటూ బతుకుతూ రెండు జాతులా!" అని రెండుసార్లు అన్నారు. తరువాత ఆయన స్వభావం ఆయనకు తిరిగొచ్చి, "ఇంకో ఆరు డబ్బాలు చేయి" అన్నారు.

ఆ ఆరూ పంపుతున్నాను, పదమూడు నుంచి పద్దెనిమిది. నిజం చెప్పాలంటే భయంగా ఉంది తాతా. నా పరిశోధన మొత్తం మీ చెవి మీద నిలబడి ఉంది. డబ్బాలో వేసింది గుంతదే అనడానికి మీరు విన్నారన్నది తప్ప నా దగ్గర వేరే ఆధారం లేదు. మా సారు అడిగితే, "ఆ చెవి తప్పదు సార్" అని పూచీ పడ్డాను.

సుష్మిత


ఎమ్మిగనూరు,
అక్టోబర్ 8.

సుస్మితమ్మకు,

ఆరు డబ్బాలూ ఈ బస్సుకే ఏస్తాండా. మీ హంపమ్మవ్వ ఊర్లో లేదు. అక్క కూతురు కాన్పుకని కోసిగికి పోయింది. ఆ పిల్ల మొగుడు, అత్తామామా అందరూ సుగ్గికని పొరుగూర్లకు కూలికి పోయినారు, పనుల కాలం గదా, ఇంట్లో మనిషి లేదు. నెల దాటితే గాని రాదంట. ఇల్లు బోసిపోయింది. నేనే కండెలు సుట్టుకోని, నేనే నేసుకోని, నేనే చీటీలు కట్టినా. ముడి వదులుగా ఉంటే తప్పు పట్టొద్దు.

అన్నిట్లో రెండు కొట్టేవే. సందేహం లేదు.

కోడలు ఉమారాణి సంగటి బాగనే సేస్తాది గాని, హంపమ్మ పక్కన లేకుంటే నాకు పొద్దు పోదు. ఇది ఆమెకు సెప్పొద్దు, నెత్తికెక్కుతాది.

విని రాసినవాడు,
తిక్కయ్య


ఆదోని,
నవంబర్ 3.

తిక్కయ్య తాతకు,

ఏం రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

పదమూడో డబ్బాలో పిల్లలు. పదిహేనులో పిల్లలు. పదహారు, పద్దెనిమిది, వాటిలోనూ! నలభై ఒకటి లెక్కపెట్టి ఆపేశాను, ఇంకా ఇసుకలోంచి పుట్టుకొస్తూనే ఉన్నాయి. ఈ తెల్లవారుజామున మూత తీసి చూసి కేక పెట్టాను. అవ్వ పరుగెత్తుకొచ్చి, ఏదో కరిచిందనుకొని నా చేతులు తిప్పి తిప్పి చూసింది.

పన్నెండు డబ్బాల్లో సున్నా. ఆరింట్లో నాలుగు పొదిగాయి. ఇదెట్లా సాధ్యం? రెండు జాతులూ కలుస్తాయా? అట్లయితే మొదటి పన్నెండు ఎందుకు కలవలేదు? లేకపోతే ఈ నాలుగింట్లో పడింది చేని మగదా? అది ఇంకా ఘోరం. అప్పుడు మొదటి పన్నెండింటిలో ఏం పడిందో మాత్రం ఎవరు చెప్పగలరు?

మీ చెవిని అనుమానించడం లేదు. కానీ మా సారు అడుగుతారు, నేను జవాబు చెప్పాలి. అందుకని ఒక చిన్న పరీక్ష. పంతొమ్మిది, ఇరవై అని రెండు డబ్బాలు పంపుతున్నాను. ఒకదాంట్లో చేని మగది, ఒకదాంట్లో మీ గుంత నుంచి నేను మొదట్లో తెచ్చిన జంటకు పుట్టిన మగది. గడ్డి, అట్టముక్కలు లోపలే ఉన్నాయి. మూతలు టేపు వేసి అంటించాను, తెరవకండి, ఎగిరిపోతాయి. దీపాలు పెట్టే వేళ బయటి నుంచే విని, ఏది ఏదో రాయండి. అంతే.

నాకు నాలుగు రోజులు కర్నూలులో పరీక్షల డ్యూటీ. ఏడో తేదీకి వచ్చేస్తాను.

సుష్మిత


ఎమ్మిగనూరు,
నవంబర్ 6.

సుస్మితకు,

పరీక్షనా? నాకా?

యాభై రెండేండ్లు మగ్గం మీద కూసున్నోన్ని. మీ తాత రామలింగయ్య పత్తి పట్టుకోని సూసి యాడిదో సెప్పేటోడు, ఎవరూ ఆయనకు పరీక్ష పెట్టలేదు. వేలితో నిమిరితే ఎన్నో నంబరు నూలో సెప్తా నేను. నన్ను పిల్లోని మాదిరి పలక పట్టిచ్చి కూసోపెడితివి. నువ్వు మా ముందర గౌను ఏసుకోని తిరిగిన పిల్లవి. నోరు సేదైపోయింది నాకు.

నీ పురుగులు కలిస్తే నా తప్పా? ఒక గోడకు ఇటూ అటూ ఉండేటివి కలవకుండా ఉంటాయా? మీ పుస్తకాలే తప్పేమో సూసుకో.

అడిగినావు గాబట్టి సెప్తాండా, రాసుకో. పంతొమ్మిదోది మూడు కొట్టి ఆగుతాది. అది చేనిది. ఇరవయ్యోది రెండు కొట్టి ఆగుతాది. అది మా గుంతదే. నిన్న దీపం పెట్టినప్పటి నుంచి ఒకటే అరుపు, సెవులు గింగురుమన్నాయి.

సాలునా?

విని రాసినవాడు,
తిక్కయ్య


ఆదోని,
నవంబర్ 9.

తిక్కయ్యగారికి,

మొన్న సాయంత్రం కర్నూలు నుంచి వచ్చి, బ్యాగు భుజానికుండగానే మీ ఉత్తరం విప్పాను. "ఇరవయ్యోది రెండు కొట్టి ఆగుతాది" అన్న చోట ఉన్నాను. బల్ల మీద, మిషను వెనకాల నుంచి అరుపు వినిపించింది. రెండు కొట్టి ఆగింది. మళ్లీ రెండు కొట్టి ఆగింది.

రికార్డు చేయడానికని ఆ గుంత మగదాన్ని గాజు సీసాలో వేసుకున్నాను. బయలుదేరే హడావుడిలో దాన్ని డబ్బాలో వేయడం మర్చిపోయాను. గడ్డి, అట్టముక్కలు పెట్టి ఉత్త డబ్బాకే టేపు వేసి మీకు పంపాను. తప్పు నాదే, కావాలని చేసింది కాదు. మీరు తిప్పి పంపిన డబ్బా తెరిచి చూశాను. నేను వేసిన టేపు వేసినట్టే ఉంది. లోపల గడ్డి తప్ప ఏమీ లేదు.

ఇరవయ్యో డబ్బా ఖాళీ తాతా. ఖాళీ డబ్బా మీకు ఎట్లా అరిచింది?

మీరు అబద్ధం ఆడతారని కలలో కూడా అనుకోలేదు. ఆ చెవి తప్పదని పూచీ పడింది నేను. ఎన్ని డబ్బాలు విన్నారు, ఎన్ని వినకుండానే రాశారు? అన్నీ ఇట్లాగే రాశారా? అదే నిజమైతే జూలై నుంచి నేను చేసిందంతా పెంటకుప్ప మీద పోయడమే. ఫిబ్రవరిలో నేను నిలబడేది లేదు. మా సారుకు ఇంకా చెప్పలేదు, ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

ఒక్క మాట రాయండి. ఎందుకు?

సుష్మిత


ఎమ్మిగనూరు,
నవంబర్ 29.

సుస్మితకు హంపమ్మ రాయించేది. రాసేది మా కోడలు ఉమారాణి. ఇది ఇంట్లో ఎవరికీ సెప్పనని దాని సేత ఒట్టు ఏపిచ్చుకున్నా.

కోసిగి నుంచి వచ్చినప్పటి నుంచి సూస్తాండా. ఈయప్ప మగ్గం మీద కూసోడు. అన్నం కాడ కూసుంటాడు, లేస్తాడు. జేబులో ఒక కాగితం పెట్టుకోని తిరుగుతాడు. పండుకున్నప్పుడు తీసి ఉమారాణికిచ్చి సదివిచ్చినా. నీ ఉత్తరం అది. ఇని నాకు నెత్తిన పిడుగు పడ్డట్లయింది.

కడుపు సించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్ని దినాలు నోరు మూసుకోనుంటి. ఇంగ సెప్పక తప్పదు. మీ తాతకు సెవులు పోయినాయి తల్లీ. మూడేండ్లాయె. మనిషి మాట సగం ఇనపడుతుంది, మూతి సూసి మిగతాది అర్థం సేసుకుంటాడు. సన్న సద్దు ఏదీ ఇనపడదు. పోగు తెగితే నేను కాలితో ఆయన కాలు తడతా. ఇలకోడి ఎంత అరిసినా ఆయనకు లేనట్లే.

నువ్వు మిషను తెచ్చి పోయినాక నా కాడికొచ్చి, "హంపీ, నువ్వు ఇని సెప్పు, నేను రాస్తా" అన్నాడు. పెండ్లయిన ఇన్నేండ్లకు నన్ను ఒకటి అడిగినాడు, కాదంటానా? ఆ పన్నెండూ ఇన్నది నేను. కండెలు సుట్టుకుంటా ఇని, ఆయనకు రెండు వేళ్లు సూపిస్తే డబ్బాలో ఏసేటోడు. మూడు వేళ్లు సూపిస్తే చేన్లో ఇడిసేటోడు.

నాకు అక్షరం రాదు, నీ నంబర్లు తెలీవు. ఈయప్ప ఒకటి సూసి ఒకటి రాస్తాడేమోనని నా గుర్తు నేను పెట్టుకున్నా. చీటీ కట్టిన దారం ఉంది గదా, దానికే ముడులేసినా. రెండు ముడులు, సందు, మల్లీ రెండు ముడులు. దారం లెక్క మాకు సదువు కింద లెక్క. నువ్వు అది సూసినావనే అనుకున్నా. సూడలేదా ఏంది?

నేను కోసిగిలో ఉన్న నెల ముడి ఏసేటోల్లు లేరు. ఆయన ఏసిన ఆరూ ఊహకు ఏసినవే. తప్పు ఆయనది, కాదనను. కానీ ఖాళీ డబ్బా అని రాసినావే, ఆ మాట మనిషిని తినేస్తాంది. సెవులు పోయినాయని తెలిస్తే కొడుకు మగ్గం దింపిస్తాడని ఆయన భయం. అంతకంటే నీ ముందర తల దించుకోవల్లంటే ఇంకా భయం.

తిడితే నన్ను తిట్టు. ఆయనకు ఒక మంచి మాట రాయి.

హంపమ్మ


ఆదోని,
డిసెంబర్ 3.

తాతా,

హంపమ్మవ్వ నాకు రాయించింది. ఆమె మీద కోపం చేయకండి, ఆమె రాయించకపోతే నేను జన్మంతా మూర్ఖురాలిగానే ఉండేదాన్ని.

ఉత్తరం చదివి ఫైలు తెరిచాను. మీ చీటీలన్నీ వరుసగా గుచ్చి పెట్టుకున్నాను, జూలై నుంచి నా బల్ల మీదే ఉంది ఆ ఫైలు. ప్రతి చీటీకీ దారం వేలాడుతూనే ఉంది. చీటీ కట్టడానికి వాడిన దారమనే అనుకున్నాను. వేలితో తడిమి చూశాను. రెండు ముడులు, సందు, రెండు ముడులు. రెండో చీటీ అంతే. పన్నెండో చీటీ దాకా అంతే! పదమూడు నుంచి ఉత్త దారం. పొదిగిన నాలుగు డబ్బాలూ ఆ ముడి లేని వాటిలోవే. ఏడ్చాను తాతా. భూతద్దం పెట్టి పురుగు కాలి మీద వెంట్రుకలు లెక్కపెట్టేదాన్ని, కళ్లెదుట వేలాడే సాక్ష్యం చూడలేదు. ఇంతకన్నా సిగ్గు ఉంటుందా?

మా సారుకు ఉన్నదున్నట్టు చెప్పి, చీటీలు బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కో ముడినీ వేలితో తడిమి చూశారు. ఆరూ తీసేయి, పన్నెండూ నిలుస్తాయి, ఇంకో ఆరు ఆమె చేత చేయించు అన్నారు. ఆ ఆరూ మళ్లీ పంతొమ్మిది నుంచే నంబర్లు వేసి బస్సులో పంపుతున్నాను. కాగితాల్లో "విన్నవారు" అని ఒక గడి ఉంది. అందులో మీ పేరు కొట్టేసి హంపమ్మ అని రాశాను. మీ పేరు "రాసినవారు" గడిలో ఉంది.

అబద్ధం ఆడారని రాశాను. క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. మీరు రాసింది తప్పే, నాకు ఇంకా మనసులో ముల్లు ఉంది, దాచను. కానీ మీకు వినపడదని ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను మిమ్మల్ని వదిలేసేదాన్నా?

ఈ ఉత్తరంతో కొన్ని కాగితాలు పెట్టాను. ఇలకోడి అరుపును మిషను గీతలుగా గీస్తుంది. ఒక్కో దెబ్బకు ఒక్కో నిలువు గీత. పైన ఉన్నది చేనిది, కింద ఉన్నది మీ గుంతది. ఇది వినక్కర్లేదు, చూస్తే చాలు.

ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. వినపడనప్పుడు, ఆ ఆదివారం మగ్గం మీద కూర్చొని మూడు, రెండు అని ఎట్లా చెప్పగలిగారు?

సుష్మిత


ఎమ్మిగనూరు,
డిసెంబర్ 18.

సుస్మితమ్మకు తాత దీవెనలు.

ఎట్లా సెప్పినానో అడిగితివి. ఇది హంపమ్మకు గూడ సెప్పలేదు నేను.

మూడేండ్ల కిందట మా గుంతలో ఇలకోడి అరుపు ఆగిపోయింది. రోజూ ఇనేది ఒక దినం లేదు. సచ్చిపోయిందనుకున్నా. మా నాయన కాలం నుంచి ఉన్నది నా సేతుల్లో పోయిందే అని శానా బాధపడితి. ఎవరితో సెప్పుకునేది, పురుగు పోయిందని? కొత్త పడుగు ఎక్కించినప్పుడంతా గంజి మాత్రం పెడతానే ఉంటి. తెల్లారి సూస్తే ఉండేది కాదు. సీమలు తిన్నాయిలే అనుకుంటి.

ఆ ఆదివారం నువ్వు మిషను పెట్టి, "అబ్బ తాతా, గుంతలో ఎంత గట్టిగా అరుస్తుందో!" అంటివి. పోగు ఇసిరే నాడె నా సేతిలోనే ఉండిపోయింది తల్లీ. గంజి తిన్నది సీమలు కాదు. అది ఆడనే ఉంది, అరుస్తానే ఉంది. ఆగిపోయింది అది కాదు, నేను. మాటలు సగమే ఇనపడేది ఎదుటోల్లు గొణిగి మాట్లాడి అనుకుంటాంటి. అప్పటిదాకా నాకు తెల్దు. నువ్వు నా మొగం సూసి, పెద్దాయన ఏదో ఆలోచన సేస్తాండాడు అనుకోని, రెండూ ఒకటేనా తాతా అని అడిగితివి. ఏం సెప్పేది? నాకు గుర్తుండేది సెప్పినా. మూడు, రెండు. అది నిజమే అయింది. నువ్వు అంత మెచ్చుకుంటివి. ఇంగ ఆ మెప్పు ఇడవలేకపోతి. మనసులో మాట అది.

ఆ ఆరూ ఊహకు ఏసినా. సెవి కాడ పెట్టుకుంటి, డబ్బా మీద సెయ్యి పెట్టి సూస్తి, ఏమీ తెలీలేదు. ఖాళీ డబ్బాకు గూడ అంత సేపు సెవి పెట్టినా. అది ఖాళీ అని నీ కాగితంలోనే సదివినా. నా పాలికి అన్నీ ఖాళీ డబ్బాలే గదా అని తెలిసింది. నీకు తప్పు రాసినా, తప్పు ఒప్పుకుంటాండా. నీ మనసులో ముల్లు ఉందని రాస్తివి, అది నిజమైన మాట, ఉండనీ.

ఇంగొకటి ఇను, నవ్వొద్దు. పోయిన వారం అన్నం కాడ ఈరేషుకు నేనే సెప్పేసినా. నాకు సెవులు పోయినాయిరా, మగ్గం దింపుతావో ఏం సేస్తావో నీ ఇష్టం అని. వాడు ముద్ద సేతిలో పెట్టుకోని నా పక్కే సూసినాడు. "మూడేండ్లుగా తెల్సు నాయనా. నేను గట్టిగా మాట్లాడేది ఎందుకనుకుంటివి?" అన్నాడు. వానికి మర్యాద లేదని ఊరంతా సెప్పుకోని తిరిగినా నేను! నీకు గూడ రాసినా. మొగం యాడ పెట్టుకునేది? ఆ పూట మల్లీ తల ఎత్తలేకపోతి. గుంత మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తెల్లారి పొద్దున నీ కొత్త డబ్బాలు ఆరూ బస్టాండు నుంచి వాడే మోసుకొచ్చి గుంత పక్కన పెట్టిపోయినాడు.

నీ గీతల కాగితాలు మగ్గానికి ఎదురుగా గోడకు అంటిచ్చినా. సూస్తే పడుగు పోగుల మాదిరే ఉండాయి. రెండు పోగులు, సందు, రెండు పోగులు. నడుమ ఒక కాడ సందు కొంచెం పెద్దదైంది. గుంతలో ఎవరన్నా కాలు కదిపితే అది అట్లనే రోంత ఆగి మల్లీ ఎత్తుకునేది, నాకు గుర్తుంది. అది మా ఇలకోడే తల్లీ. కండ్లల్లో నీళ్లు నిలవలేదు.

ఈసారి ఆరు డబ్బాలకూ మీ హంపమ్మవ్వ నన్ను దగ్గరికి రానియ్యలేదు. తానే పట్టి, తానే ఇని, తానే ఏసింది. డబ్బాలు తిరిగొచ్చినాక ముడులు సూసుకో. నీ ఉత్తరం వచ్చినాక ఆమెకు రోంత గర్వం గూడ పెరిగింది, పేరు కాగితంలో పడిందని ఈదంతా సెప్తాంది. నాకు ఇనపడదనుకుంటాది, మూతి సూస్తే తెలీదా?

పంతొమ్మిది నుంచి ఇరవై నాలుగు దాకా, అన్నీ రెండు కొట్టేవే. ఇరవయ్యో డబ్బాలో ఈసారి ఇలకోడి ఉంది.

విన్నది హంపమ్మ,
రాసింది తిక్కయ్య